తర్వాతి బ్యాచ్‌కూ ఆ బోర్డు కావాలి

ఇంజనీరింగ్ ల్యాబుల్లో ఒక తప్పు ఏళ్లుగా చడీచప్పుడు లేకుండా సాగుతోంది. కొలిచే పరికరాన్ని కాల్చేసి, ఏమీ ఎరగనట్టు డబ్బాలో పెట్టి వెళ్లిపోతున్నాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విద్యార్థులూ, అధ్యాపకులూ ఈ మాట ఆలకించాలి.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు మన కరెంటు స్తంభాలను నేలకూల్చాయి. తుఫాను మన చేతిలో లేదు. ల్యాబులో బోర్డు పిన్‌లో తీగ గుచ్చే చెయ్యి మాత్రం మనదే.

రిలే ప్రాజెక్టు చేస్తున్నారనుకోండి. 24 వోల్టుల లైన్ చూద్దామని తీగను నేరుగా ఆర్డుయినో ఊనో బోర్డు అనలాగ్ పిన్‌లో పెడతారు. ఆ పిన్ తట్టుకునేది 5 వోల్టులే. కొన్నిసార్లు పొగ రాదు, వాసన రాదు, బోర్డు మీద లైటూ ఆరదు. కానీ ఆ తర్వాత సున్నా వోల్టులిచ్చినా 1023, మూడిచ్చినా 1023 అనే చూపించొచ్చు. మర్నాడు వచ్చిన బ్యాచ్ తమ ప్రోగ్రామే తప్పనుకుని సాయంత్రం దాకా తిరగరాస్తుంది. వాళ్లలో ఉద్దానం నుంచో బొబ్బిలి పక్క పల్లె నుంచో వచ్చి, ఇంటిల్లిపాదిలో మొదటిసారి ఇంజనీరింగ్ చదువుతున్న అమ్మాయి ఉండొచ్చు. ఈ చదువు తనకు రాదని ఆమె నమ్మేస్తే, ఆ పాపం ఎవరిది?

ఇక రెండో తప్పు పెద్దలది. పిల్లలు పాడుచేస్తారని మంచి పరికరాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం. కాలిన బోర్డు ఒక బ్యాచ్‌నే ఏడిపిస్తుంది, తాళం అన్ని బ్యాచ్‌లకూ చదువు దూరం చేస్తుంది. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడ వంటివి ప్రజల డబ్బుతో నిలిచిన సంస్థలు. అలాంటి చోట పరికరం ఉన్నది పిల్లల చేతుల్లో పనిచేయడానికే.

పరికరాన్ని కాపాడేది భయం కాదు, సర్క్యూట్. 24 వోల్టులను 47 కిలో ఓములు, 10 కిలో ఓముల రెసిస్టర్లతో విభజిస్తే పిన్‌కు చేరేది సుమారు 4.2 వోల్టులే. పిన్ ముందు ఇంకో రెసిస్టర్, 5 వోల్టుల లైనుకూ గ్రౌండుకూ చెరో షాట్‌కీ డయోడ్ పెడితే హద్దు మీరిన వోల్టేజీ పక్కకు మళ్లుతుంది. రిలే ఆపిన క్షణంలో కాయిల్ వందల వోల్టుల దాకా తన్నగలదు. ఆ కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడ్ తప్పనిసరి. ఇంటి కరెంటు 230 వోల్టులని మీటరు చెప్పినా దాని శిఖరం 325. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా బోర్డు దగ్గరికి రానివ్వకండి. ఆసిలోస్కోప్ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ ఎన్నడూ కత్తిరించకండి, అది ప్రాణాలకే ముప్పు. డయోడ్లు, రెసిస్టర్ల ఖర్చు ఒక టీ ఖర్చును మించదు.

విద్యార్థులారా, బోర్డు కాలితే ఆ రోజే చెప్పండి. ఏ పిన్ పోయిందో దాని మీదే చీటీ అంటించండి. అధ్యాపకులారా, నిజం చెప్పిన పిల్లాడికి జరిమానా వేయకండి. ఇవాళ అతణ్ని శిక్షిస్తే రేపు అందరూ దాస్తారు. యాజమాన్యాలారా, కొత్త పరికరాలు కొనే ముందు ఉన్నవాటికి రక్షణ సర్క్యూట్లు, ల్యాబుకు సరైన ఎర్తింగ్ ఏర్పాటు చేయండి.

మన మార్కులు మనకు వచ్చేశాయి కదా అని ఊరుకుంటే మనం ఇంజనీర్లం కాలేం. మన తర్వాత ఆ బల్ల దగ్గరికి వచ్చేవాళ్ల పట్ల మనకు బాధ్యత ఉంది. ఈ సెమిస్టర్ నుంచే దాన్ని నెరవేరుద్దాం.