ఎండిన వాగులో వ్యాను ఆపకండి

జులై నాలుగు సెలవులు వచ్చేస్తున్నాయి. ఫీనిక్స్, లాస్‌వేగాస్, లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఈపాటికే క్యాంపర్ వ్యాన్లు మాట్లాడుకుని ఉంటారు. అమెరికా ప్రభుత్వ భూములను చూసే బీఎల్ఎం కింద ఉన్న ఎడారిలో చాలాచోట్ల 14 రోజుల దాకా పైసా కట్టకుండా బండి ఆపుకుని ఉండొచ్చు. నిజమే. కానీ అక్కడ కుళాయి ఉండదు, కరెంటు ఉండదు, పొద్దుపోయినా మీరు తిరిగి రాలేదేమని ఆరా తీసే మనిషీ ఉండడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ ఎడారిలో బస వద్దని మా గట్టి మాట.

ముందు చోటు సంగతి. చీకటి పడ్డాక చేరినవాళ్ల కంటికి రాయీరప్పా లేకుండా, చదునుగా, మెత్తటి ఇసుకతో ఊరించే స్థలం చాలాసార్లు వాగు అడుగే. అక్కడ దాన్ని ‘వాష్’ అంటారు. అనంతపురం, కడప పల్లెల్లో పెరిగినవాళ్లకు వంక సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. అదేమిటో, అమెరికా వెళ్లాక మరిచిపోతారు! ఆరిజోనాలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు మాన్సూన్ కాలం. వరద రావడానికి వాన మీ నెత్తినే పడనక్కర్లేదు. 1997 ఆగస్టు 12న ఆ రాష్ట్రంలోనే ఆంటిలోప్ క్యాన్యన్‌లో 11 మంది కొట్టుకుపోయి చనిపోయారు. వాన దంచింది మైళ్ల అవతల, ఎగువన. అడుగు లోతున పారే నీరు చిన్న కారును లాక్కుపోతుంది, రెండడుగులైతే చాలా బండ్లు ఆగవు.

ఎండ గురించి అందరికీ తెలుసు, రాత్రి గురించే తెలియదు. కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఎడారిలో జులై రాత్రులు చాలావరకు 30 డిగ్రీల పైనే. కరెంటు లేని చోట ఏసీ కావాలంటే జెనరేటర్ వేస్తారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ రాకుండానే ప్రాణం పోవచ్చు. ఆ వాయువును పసిగట్టే అలారం లేని వ్యాను అసలు తీసుకోవద్దు. వేసవికి పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లే ఆలోచన ఉంటే వెంటనే మానుకోండి. బీపీకి వాడే మందుల్లో కొన్ని ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. వేడికి ఇన్సులిన్ పాడవుతుంది.

ఫోనులో మ్యాపు చూపించిన ప్రతి గీతా దారి కాదు. 1996 జులైలో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, అందులో ఇద్దరు పిల్లలు, మామూలు అద్దె మినీవ్యానుతో డెత్ వ్యాలీ మట్టిదారుల్లోకి వెళ్లి కనిపించకుండా పోయారు. బండి అక్టోబరులో దొరికింది. దానికి కొన్ని మైళ్ల దూరంలో, పెద్దవాళ్లవని భావిస్తున్న ఎముకలు బయటపడింది 2009లో. బండి ఇసుకలో దిగబడితే నడుచుకుంటూ వెళ్లిపోకండి. వెతికేవాళ్లకు పైనుంచి వ్యాను కనిపించినంత తేలిగ్గా మనిషి కనిపించడు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో, ఏ వేళ దాటితే 911కు ఫోను చేయాలో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు కనీసం, అదీ రెండుమూడు రోజులకు అదనంగా. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో సిగ్నల్ లేకున్నా శాటిలైట్ ద్వారా సాయం అడగొచ్చు. ఎలాగో బయల్దేరకముందే నేర్చుకోండి. అద్దె కాగితాల్లో మట్టిరోడ్డు నిషేధం ఉందేమో చదవండి, చాలావాటిలో ఉంటుంది.

వ్యాను ఇప్పటికే బుక్ చేసి ఉంటే ఆరిజోనాలోని ఎత్తైన చోటికి తిప్పండి. దాదాపు 7,000 అడుగుల ఎత్తున్న ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టూ కొకొనీనో జాతీయ అడవిలోనూ చాలాచోట్ల ఉచితంగా ఉండొచ్చు. అయితే ఆ అడవిలో వేసవి నిప్పు ఆంక్షలు తరచుగా ఉంటాయి. పొయ్యి వెలిగించవచ్చో లేదో, ఏ దారులు మూశారో బయల్దేరే రోజు ఉదయమే రేంజర్ కార్యాలయానికి ఫోను చేసి కనుక్కోండి.