వేడి అంకె చూపని స్ట్రెయిట్‌నర్ కొనొద్దు

పోగు ఏ జాతిదో తేల్చుకోవడానికి బట్టల ఊళ్లో పాత పరీక్ష ఒకటుంది. చిన్న ముక్క తెంపి అగ్గిపుల్ల ముట్టిస్తారు. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. పట్టయినా ఉన్నయినా జుట్టు కాలిన కంపు కొడుతుంది. పట్టు, ఉన్ని, జుట్టు మూడూ ప్రొటీన్లే గనక ఆ వాసన ఒకటే.

భివండిలో సాంచాల చప్పుడు మధ్య పెరిగిన కనేరి, పద్మానగర్ తెలుగు ఇళ్లలో ఈ సంగతి చెప్పించుకోవాల్సినవాళ్లు తక్కువ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తరాల కింద వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలకు గుడ్డ గుణం చేతివేళ్లకే తెలుసు. అయితే ఆ ఇళ్లలోని ఆడపిల్లలు స్ట్రెయిట్‌నర్ కొనేటప్పుడు మాత్రం ఆ తెలివి పక్కకు పోతోంది. రంగు చూస్తారు, ధర చూస్తారు, డబ్బా మీద సిరామిక్ అనో టైటానియం అనో ఉందా అని చూస్తారు. ఎంత వేడెక్కుతుందో అడిగేవాళ్లు అరుదు. మొదట అడగాల్సింది అదే.

చొక్కా కాలర్ లోపల కుట్టిన చిన్న పట్టీ మీద ఇస్త్రీపెట్టె బొమ్మ, అందులో చుక్కలు ఉంటాయి. ఒక చుక్క అంటే 110 డిగ్రీలు, రెండంటే 150, మూడంటే 200. నూలుకు మూడు చుక్కల వేడి పనికొస్తుంది. పట్టుకూ ఉన్నికీ రెండు చుక్కలు దాటరు. జుట్టూ వాటిలాగే ప్రొటీన్. అలాంటి జుట్టు మీద 230 డిగ్రీల పలకలు లాగే యంత్రాన్ని ‘ఎక్కువ వేడి, మంచి క్వాలిటీ’ అని అమ్మడం తప్పు. పొడి వెంట్రుకలోని కెరాటిన్ ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి రూపు చెడిపోతుంది. చెడింది మళ్లీ బాగుపడదు, కత్తిరించుకోవాల్సిందే. సన్నని జుట్టుకు 150 చాలు, మామూలు జుట్టుకు 165, 170. బాగా ఒత్తుగా, బిరుసుగా ఉన్నా ఇంట్లో 180 దాటాల్సిన అవసరం లేదు.

ఇక నీళ్ల సంగతి. నూలు చీరను ఇస్త్రీ చేసేముందు నీళ్లు చిలకరించడం అందరికీ అలవాటే. ఆ అలవాటే జుట్టు దగ్గర కొంప ముంచుతుంది. తలస్నానం చేసిన జుట్టు తన బరువులో దాదాపు మూడో వంతు నీటిని పట్టి ఉంచుతుంది. దాని మీద వేడి పలకలు నొక్కగానే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి దొరక్క వెంట్రుకను లోపలినుంచే ఉబ్బిస్తుంది. మైక్రోస్కోపు కింద చూస్తే వెంట్రుక నిండా బుడగలే. 1986లో వైద్యులు దీన్ని మొదటిసారి నమోదు చేసి ‘బుడగ జుట్టు’ అని పేరు పెట్టారు. తడి జుట్టుకు 125 డిగ్రీల కర్లింగ్ టాంగ్ ఒక్క నిమిషం పెట్టినా బుడగలు పుడతాయని 1994లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. పలకల మధ్య ‘చుయ్’మన్న చప్పుడు వినిపిస్తే అక్కడితో ఆపేయాలి. నూనె రాసుకున్న తల మీదా పెట్టకూడదు. గానుగ కొబ్బరినూనె సుమారు 175 డిగ్రీలకే పొగ కక్కుతుంది.

రెండు పలకల మధ్య జుట్టును నొక్కి సాఫు చేసే పనిముట్టుకు అమెరికాలో ఐజాక్ షీరో 1909లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందే, 1872 ప్రాంతంలో, పారిస్‌లో మార్సెల్ గ్రాటో నిప్పు మీద కాల్చిన పటకారుతో జుట్టుకు అలలు తీర్చేవాడు. ఆ కాలపు క్షురకులు పటకారును ముందు కాగితం మీద నొక్కేవాళ్లు. కాగితం రంగు మారితే వేడి ఎక్కువైనట్టు, చల్లారేదాకా తల దగ్గరికి తెచ్చేవాళ్లు కాదు. రెగ్యులేటర్ లేని రోజుల్లోనే అంత జాగ్రత్త ఉంది. ఇవాళ డిగ్రీల అంకె లేకుండా ఎర్ర లైటు, ఒక్క స్విచ్చుతో చౌకగా దొరికే స్ట్రెయిట్‌నర్ ఆ కాగితపు పరీక్ష కన్నా వెనకబడ్డ వస్తువు. ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకపోవడమే మేలు.

పలకల రకం గురించి ఎక్కువ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. సిరామిక్ అన్నది చాలావాటిలో అల్యూమినియం మీద పలుచని పూతే. అది ఎక్కడైనా పెచ్చు లేస్తే వెంట్రుకలు అక్కడ చిక్కుకుని తెగుతాయి. కొనేముందు పలక అంచుల మీద వేలితో రాసి చూడాలి, రెండు పలకలూ సందు లేకుండా కలుస్తున్నాయో లేదో వెలుతురులో పట్టి చూడాలి. పొట్టి జుట్టుకు అంగుళం వెడల్పు సరిపోతుంది. నడుము దాటిన జడకు కాస్త వెడల్పుది తీసుకుంటే ఒకే చోట నాలుగుసార్లు లాగే బాధ తప్పుతుంది. వాడేటప్పుడు సన్నపాయలు తీసి, ఒక్కో పాయను ఆగకుండా ఒక్కసారి లాగితే చాలు.

ఠాణే జిల్లా వానాకాలంలో మాత్రం ఈ శ్రమంతా గంటలో వృథా అవుతుంది. స్ట్రెయిట్‌నర్ వేడి వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలనే కదిలిస్తుంది. గాలిలోని తేమ తగలగానే అవి మళ్లీ పాత చోట్లకు వెళ్లిపోతాయి, ఉంగరాలు తిరిగి వచ్చేస్తాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ వానలు వెళ్లీవెళ్లని సమయంలోనే వస్తాయి. రోజూ పొద్దున సాఫు చేసి, సాయంత్రం ఆటకు ముందు మళ్లీ సాఫు చేస్తే సద్దుల నాటికి కొసలు చీలిపోతాయి. సద్దుల రోజు ఒక్కటీ స్ట్రెయిట్‌నర్ పెట్టి, మిగతా రోజులు జడ వేసి పూలు పెట్టుకుంటే అందానికేమీ లోటు రాదు. ఉంగరాల జుట్టును లోపంగా చూడటం మనకు మొన్నమొన్న అబ్బిన జబ్బు. జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది.

ఈ తిప్పలు పడలేక పార్లర్‌లో కెరాటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకుంటామనేవాళ్లు పెరిగారు. స్ట్రెయిట్‌నర్ల మీద 230 అంకె కనిపించడానికి ఒక కారణం ఆ ట్రీట్‌మెంటే. అందులో వాడే కొన్ని మందులు వేడికి ఫార్మాల్డిహైడ్ పొగ వదులుతాయి. అది క్యాన్సర్ కారకం. చేయించుకునేవాళ్లకన్నా రోజంతా ఆ గదిలో నిలబడి పనిచేసే అమ్మాయే దాన్ని ఎక్కువ పీలుస్తుంది. దానికి బదులుగా వచ్చిన గ్లైఆక్సిలిక్ ఆమ్లమూ నిర్దోషి కాదు. సెలూన్‌కు వెళ్లిన మూడుసార్లూ 26 ఏళ్ల యువతి కిడ్నీలు దెబ్బతిన్న సంగతిని ఫ్రాన్స్ వైద్యులు 2024లో ప్రకటించారు.

ఒకే ఖోలీలో వంట, పడక, పిల్లల చదువు సాగే ఇళ్లకు ఇంకో జాగ్రత్త కావాలి. స్విచ్చు తీసినా పలకలు చాలాసేపు కాలుతూనే ఉంటాయి. నేల మీద పాకే పిల్లలు మెరిసేదాన్ని చూస్తే చెయ్యి వేస్తారు. కాబట్టి దానంతట అదే ఆగిపోయే ఏర్పాటున్నదాన్ని ఎంచుకుని, వాడాక పరుపు మీద కాకుండా ఎత్తయిన రాతి గూట్లో చల్లారబెట్టాలి.

దుకాణదారుడు ధరతోపాటు డిగ్రీల అంకె కూడా చెప్పాలి. పార్లర్‌లో ఏ మందు పూస్తున్నారో సీసా చూపించాలి, యంత్రం ఎంత వేడి మీద ఉందో కూర్చున్న మనిషికి కనబడాలి. గజం గుడ్డ కొన్నా కౌంటు అడిగి, పోగు లాగి చూసే ఊరు ఇది. తల దగ్గరికి వచ్చేదాన్ని అంతకన్నా గట్టిగా అడగాలి.