టిక్కు పెడితే వార్త తెలిసినట్టేనా?

మన పిల్లలకు పరీక్షలంటే భయం లేదు. స్పెల్లింగు బీలో గెలుస్తారు, లెక్కల పోటీల్లో బహుమతులు తెస్తారు. సంతోషమే. అయితే వార్తను చదివి అందులో నిజమెంతో తేల్చుకోవడమనే విద్యకు ఇక్కడి స్కూళ్ళలో తరచు పెడుతున్న పరీక్షను చూస్తే మేము ఊరుకోలేకపోతున్నాం. అలాంటి పరీక్షే కావాలని పట్టుబట్టే మన తల్లిదండ్రులను చూస్తే అసలే ఊరుకోలేం.

ఇలినాయ్ రాష్ట్రం 2021లో చట్టం చేసి హైస్కూళ్ళలో ఈ పాఠం తప్పనిసరి చేసింది. 2023లో న్యూజెర్సీ, కాలిఫోర్నియా రాష్ట్రాలు కూడా చట్టాలు తెచ్చాయి. పాఠం వచ్చింది, బాగుంది. అది పిల్లలకు వంటబట్టిందో లేదో చూసేదెలా? అన్నిటికన్నా తేలికైన దారి, "సంపాదకీయం అనగానేమి? కింది వాటిలో నమ్మదగిన ఆధారం ఏది?" అని అడిగి, నాలుగు జవాబులిచ్చి ఒకదానికి టిక్కు పెట్టమనడం. పిల్లవాడు టిక్కు పెడతాడు, యంత్రం మార్కులు వేస్తుంది, ఇంట్లో అందరూ పొంగిపోతారు. ఈత గురించి పది ప్రశ్నలకు సరిగా జవాబు రాశాడు కదా అని పిల్లవాణ్ణి గోదావరిలో దింపుతామా?

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రకటించిన పరిశీలన చూడండి. 3,446 మంది హైస్కూలు విద్యార్థుల ముందు కంప్యూటరు పెట్టి, ఇంటర్నెట్టులో ఏం వెతుక్కున్నా అభ్యంతరం లేదన్నారు. వారికిచ్చిన పనుల్లో ఒకటి ఇది. అమెరికా ఎన్నికల్లో దొంగ ఓట్లు వేశారంటూ ఎవరో ఊరూ పేరూ లేనివారు పెట్టిన వీడియోను చూసి, అది సాక్ష్యంగా నిలుస్తుందా అని చెప్పాలి. ఆ వీడియో నిజానికి రష్యాలో తీసినది. 52 శాతం మంది అది గట్టి సాక్ష్యమేనన్నారు. వచ్చిన మూడువేల పైచిలుకు జవాబుల్లో వీడియో ఎక్కడిదో పట్టుకున్నవి మూడంటే మూడే. ఇదే పిల్లలను "ఆధారం అంటే ఏమిటి?" అని అడిగి ఉంటే చాలామంది చక్కగా చెప్పి ఉండేవారేనని మా నమ్మకం. తెలియడం వేరు, చేయడం వేరు. టిక్కు పరీక్ష మొదటిదాన్ని కొలిచి, రెండోది కూడా ఉందని మనల్ని నమ్మిస్తుంది.

ఈ జబ్బు అమెరికా స్కూళ్ళకే పరిమితం అనుకోవద్దు. ఎవరేం చెప్పినా వినవచ్చు గాని, తొందరపడకుండా నిజానిజాలు తేల్చుకోవాలని చెప్పే సుమతీ శతక పద్యాన్ని మన ఆదివారం తెలుగు బడుల్లో పిల్లలచేత వల్లె వేయిస్తారు. తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లకు బహుమతి ఇస్తారు. ఆ పద్యం చెప్పిన పని ఆ పిల్ల చేయగలదా అని ఎవరైనా చూస్తారా? 2020లో కరోనా వచ్చినప్పుడు, వేడినీళ్ళు తాగితే వైరసు చస్తుందన్న కబురు వాట్సాప్‌లో ఖండాలు దాటి తిరిగింది. దాన్ని అందుకుని మరో పదిమందికి పంపినవారిలో చదువురాని వారే ఉన్నారని ఎవరూ అనలేరు.

ఇక వార్త రాసే విద్య. "జర్నలిజం క్లాసా? ఆ గంటలో ఇంకో కంప్యూటరు కోర్సు తీసుకోరాదూ?" అనే మాట మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. కన్సాస్ రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో 2017లో ఏం జరిగిందో ఇలా అనేవారు తెలుసుకోవాలి. హైస్కూలుకు కొత్త ప్రిన్సిపాలును నియమించారు. స్కూలు పత్రిక నడిపే పిల్లలు ఆమెను పరిచయం చేస్తూ రాయబోయి, ఆమె డిగ్రీలిచ్చిందన్న విశ్వవిద్యాలయం గురించి ఆరా తీశారు. దానికి గుర్తింపు ఉన్నట్టు దాఖలా దొరకలేదు. ఫోన్లు చేశారు, కాగితాలు చూశారు, ఆమెనే అడిగారు, అచ్చువేశారు. కొద్ది రోజుల్లోనే ఆమె పదవి వదులుకున్నారు. పెద్దలు నియమించేటప్పుడు చూడనిది పిల్లలు చూశారు. 1874లో కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని పెట్టి అధికారుల లంచాలను బయటపెట్టారని సభల్లో గొప్పగా చెప్పుకునే మనం, అదే పని నేర్పే క్లాసును పనికిమాలినదంటే ఎలా?

మరి పరీక్ష ఎలా ఉండాలి? మా మాట ఇది. ఆ వారం తిరుగుతున్న వార్త ఒకటి ఇచ్చి, ఇంటర్నెట్టు తెరిచి, అరగంట సమయమివ్వాలి. ఎవరు చెప్పారు, దేన్ని చూసి చెప్పారు, మిగతావారు ఏమంటున్నారు అనేవి ఏ వరుసలో వెతికారో రాయించి, ఆ వెతుకులాటకే మార్కులు వేయాలి. "తేల్చలేకపోయాను, ఇందువల్ల" అని రాసినా మార్కులు దక్కాలి. రెండోది, స్కూలు బోర్డు సమావేశానికి పంపి మూడువందల మాటల వార్త రాయించాలి. కనీసం ఇద్దరితో మాట్లాడాడా, పేర్లు సరిగా రాశాడా, శీర్షికలో చెప్పినది లోపల ఉందా అని చూడాలి. మొదటి ప్రతినీ దిద్దిన ప్రతినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎంత నేర్చాడో తెలుస్తుంది.

"ఇలాగైతే టీచరు ఇష్టమొచ్చినట్టు మార్కులు వేస్తారు" అని మనవారు అడ్డు చెబుతారు. దేనికెన్ని మార్కులో ముందే కాగితం మీద ఇచ్చి, ఇద్దరు టీచర్లచేత విడివిడిగా దిద్దిస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. "వందమందివి దిద్దే తీరికెక్కడ?" అనేది న్యాయమైన ప్రశ్నే. పది టిక్కు పరీక్షలు మానేసి ఇలాంటిది ఒక్కటి పెట్టండి. "ఇందులో రాజకీయాలు దూరుతాయి" అనేవారికి మా జవాబు: ఈ మాట ఎవరన్నారని అడగడం ఏ పార్టీ సొత్తూ కాదు.

నాలుగేళ్ళు తిరిగేసరికి ఈ పిల్లలు ఓటు వేస్తారు. అప్పుడు వారి ముందు నాలుగు జవాబులు రాసిపెట్టి ఎవరూ ఉంచరు. కనుక వచ్చేసారి టీచరును కలిసినప్పుడు "మావాడికి ఎన్ని మార్కులు?" అని ఊరుకోకండి. "మావాడు ఏ వార్తను ఎలా తేల్చాడో ఆ కాగితం చూపించండి" అని అడగండి. అలాంటి కాగితమే లేదంటే, స్కూలు బోర్డు సమావేశానికి వెళ్ళి ఎందుకు లేదని అడగండి.