తాత పాట, తీగెల తోడు



ఈ నెల మీతో ఒక కచేరీని గూర్చి మాట్లాడాలని ఉంది. కచేరీ అనగానే కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారని తెలుసు. కాస్త ఓపికతో చదవండి. ఇది జరిగింది మన ఊళ్ళలో కాదు, ఇంగ్లాండు దేశంలో. అయితే దాని నడిమధ్యన ఉన్నది యేసు రక్తమును గూర్చిన పాట.

పాశ్చాత్య దేశాలలో కొన్నేళ్ళుగా ఒక వాడుక పెరుగుతూ ఉంది. సినిమాల కొరకో పెద్ద కంపెనీల కొరకో కాక, తమ పాట తామే రాసుకొని, తామే గిటారు పట్టుకొని పాడేవారు ఒక తెగ. వయొలిన్, వియోలా, చెల్లో వంటి తీగె వాయిద్యాలకు కొత్త సంగీతము రాసే పండితులు మరో తెగ. వీరూ వారూ ఒకే వేదిక మీదికి వస్తున్నారు. 1993లో ఎల్విస్ కాస్టెల్లో అనే పాటగాడు బ్రాడ్‌స్కీ క్వార్టెట్ అనే నలుగురు వాయిద్యకారులతో కలిసి 'ది జూలియట్ లెటర్స్' అనే పాటల సంపుటి తెచ్చాడు. అలాంటివి ఆ తరువాత చాలా వచ్చాయి. అన్నిటిని గూర్చి రాయడానికి ఈ పేజీ చాలదు, నాకంత ఆసక్తీ లేదు. నా మనస్సును పట్టుకొన్నది ఒక్కటే.

1971లో లండన్ నగరంలో అలన్ పవర్ అనే ఆయన ఇల్లూ వాకిలీ లేక వీధుల్లో బ్రతికేవారిని గూర్చి ఒక ఫిల్ము తీస్తున్నాడు. ఎలిఫెంట్ అండ్ కాజిల్ అనే పేట, వాటర్లూ రైల్వే స్టేషను పరిసరాలు అలాంటివారికి అప్పట్లో నెలవు. మాటలు రికార్డు చేస్తూ ఉండగా వారిలో కొందరు తాగిన మైకంలో పాటలు ఎత్తుకొన్నారు. నాటకాల పాటలు, ప్రేమ పాటలు, నోటికి వచ్చినవి. వారి మధ్య తాగని ముసలాయన ఒకరు ఉన్నారు. ఆయన ఒక చిన్న భక్తి పాట పాడాడు. యేసు రక్తము ఇంతవరకు తనను ఎన్నడూ నిరాశపరచలేదని దాని భావం. చేతిలో వాయిద్యం లేదు, పక్కన వంత పాడేవారు లేరు. వణుకుతున్న గొంతు, అంతే.

ఫిల్ములో ఆ పాట వాడలేదు. మిగిలిపోయిన టేపులను గేవిన్ బ్రయర్స్ అనే సంగీతకారునికి ఇచ్చేశారు. 1943లో యార్క్‌షైర్‌లో పుట్టిన ఈయన తత్వశాస్త్రం చదివినవాడు, డబుల్ బేస్ అనే పెద్ద తీగె వాయిద్యం వాయించినవాడు. ఇంటిలో టేపు పెట్టి విని, పియానో మీద వేళ్ళు ఆనిస్తే ఆశ్చర్యం! ముసలాయన శ్రుతి పియానో శ్రుతికి సరిగ్గా కలిసింది. పైగా పాట చివర నుండి మళ్ళీ మొదటికి అతుకు కనబడకుండా వెళ్ళవచ్చు. బావి గిలక మీద తాడు తిరిగినట్లు పదమూడు గతుల ఆ చిన్న ముక్క ఆగకుండా తిరుగుతుంది. ఒక్క చుట్టు అర నిమిషం కూడా పట్టదు.

బ్రయర్స్ అప్పుడు లెస్టర్ పట్టణంలో చిత్రకళ నేర్పే కళాశాలలో పని చేస్తున్నాడు. అక్కడి రికార్డింగు గదిలో ఆ ముక్కను పెద్ద రీలు మీదికి మళ్ళీ మళ్ళీ ఎక్కేటట్లు పెట్టి, తలుపు వేయకుండా కాఫీ తాగడానికి వెళ్ళాడు. ఆ తలుపు అవతల విద్యార్థులు బొమ్మలు వేసుకొనే పెద్ద హాలు ఉంది. తిరిగి వచ్చేసరికి ఎప్పుడూ గోలగా ఉండే హాలు మూగబోయి ఉంది. నడిచేవారు నెమ్మదిగా నడుస్తున్నారు. కొందరు విడివిడిగా కూర్చొని ఏడుస్తున్నారు. ప్రసంగము లేదు, పిలుపు లేదు. పియానో మోత కూడా ఇంకా కలపలేదు. పేరు తెలియని ఒక ముసలాయన గొంతు మాత్రమే.

ఆ గొంతు వెనుక బ్రయర్స్ తీగె వాయిద్యాలను పేర్చాడు. మొదట పాట ఒంటరిగా చాలాసేపు నడుస్తుంది. వినీ వినబడనట్లు తీగెలు లేస్తాయి. తరువాత మిగతా వాయిద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరుతాయి. ఇక్కడ ఒక్క విషయం గమనించాలి. తాత లాగిన చోట వాయిద్యకారులు ఆగవలసిందే, తాత తొందరపడిన చోట తొందరపడవలసిందే. ఎంత చదువుకొన్న విద్వాంసుడైనా ఆయన తాళానికి లోబడాలి. టేపులోని మనిషిని సరిదిద్దడం కుదరదు గదా!

1972 డిసెంబరులో లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ హాలులో ఇది మొదటిసారి వినిపించారు. పేరు 'జీసస్ బ్లడ్ నెవర్ ఫెయిల్డ్ మీ యెట్'. 1975లో గ్రామఫోన్ రికార్డుగా వచ్చింది. రికార్డుకు ఒక పక్కన ఎంత పడుతుందో అంతే, అంటే సుమారు 25 నిమిషాలు. 1993లో సి.డి.గా మళ్ళీ చేసినప్పుడు 74 నిమిషాలకు పెరిగింది. అందులో చివరి భాగానికి అమెరికా పాటల రచయిత టామ్ వెయిట్స్ తాతతో గొంతు కలిపాడు. గులకరాళ్ళు నూరినట్లుండే గొంతు ఆయనది. మన గాయక బృందంలోనైతే వెనక వరుసలో నిలబెట్టేవాళ్ళమేమో! ఆ పాటకు మాత్రం ఆ గొంతే కుదిరింది.

2019 ఏప్రిల్ నెలలో లండన్‌లోని టేట్ మోడర్న్ అనే కళాశాలలో, అంటే చిత్రాలూ శిల్పాలూ ఉంచే పెద్ద భవనంలో, ఇదే పాటను రాత్రి మొదలుపెట్టి తెల్లవారే వరకు 12 గంటలు వాయించారు. లెక్క వేసుకొంటే ఆ తాత ఒక్క రాత్రిలో వెయ్యి సార్లకు పైగా అదే మాట చెప్పినట్లు. వాయించినవారిలో అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ అనే పేరుగల వాద్యబృందము ఉంది. వారితోపాటు ఒకప్పుడు నిలువ నీడ లేక వీధుల్లో గడిపినవారు కూడా పాల్గొన్నారు. ఆ వాద్యబృందము పేరు ఒక దేవాలయము పేరు. 1959లో వారి మొదటి కచేరీ ఆ గుడిలోనే జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో డిక్ షెపర్డ్ అనే కాపరి దిక్కులేనివారికి ఆ గుడి తలుపులు రాత్రిళ్ళు కూడా తెరిచి ఉంచాడు. ఆ పరిచర్య ఆ గుడి పేరుతో ఇప్పటికీ ముడిపడి ఉంది. వీధి మనిషి పాట వారి చేతికి రావడం నాకు వింతగా తోచలేదు.

ఇక మనలో కొందరికి కలిగే సందేహాలు. ఒకటే మాట ఇన్నిసార్లు పలకడం మత్తయి ఆరవ అధ్యాయంలో ప్రభువు వద్దన్న వ్యర్థమైన మాటలు కావా? 136వ కీర్తన తెరిచి చూడండి. 26 వచనాలు, 26 సార్లూ దేవుని కృపను గూర్చి ఒకే పల్లవి. ప్రభువు తప్పుపట్టింది ఎక్కువ మాటలతో దేవుని ఒప్పించవచ్చుననుకొనే మనస్సును గాని, కృతజ్ఞతతో పదే పదే చెప్పుకోవడాన్ని కాదు. వీధిలో పడుకొని లేచేవానికి ప్రతి ఉదయమూ ఆ మాట కొత్తగానే ఉంటుంది.

రెండవది, సువార్త కూటానికి కాక కచేరీ కొరకు రాసినదాన్ని మనము వినవచ్చునా? నిజమే, బ్రయర్స్ దీనిని కూటాల కొరకు రాయలేదు. ఆ ముసలాయన హుందాతనాన్నీ సాదా విశ్వాసాన్నీ గౌరవించాలని తన ఉద్దేశమని చెప్పుకొన్నాడు. అదే రికార్డు మరో పక్కన ఉన్నది టైటానిక్ ఓడ మునకను గూర్చి ఆయన 1969లో మొదలుపెట్టిన సంగీతము. 1912 ఏప్రిల్‌లో ఓడ మునుగుతూ ఉండగా వాలెస్ హార్ట్‌లీ నాయకత్వంలో ఎనిమిదిమంది వాయిద్యకారులు చివరివరకు వాయించి, ఎనిమిదిమందీ చనిపోయారు. హార్ట్‌లీ తండ్రి ఒక మెథడిస్టు ఆలయంలో గాయక బృందము నడిపిన వ్యక్తి. ఓడలోని వైర్లెస్ ఉద్యోగి హెరాల్డ్ బ్రైడ్ తాను విన్న రాగం పేరు చెప్పాడు. దాన్ని భక్తి గీతపు రాగంగా తీసుకొని బ్రయర్స్ తన రచనను దాని మీద నిలిపాడు. ఇలాంటివాడు భక్తి పాటల దగ్గరకే ఎందుకు వచ్చాడో ఆయనకూ దేవునికీ తెలియాలి. నేనైతే వినవచ్చుననే అంటాను. బర్తిమయి దారి ప్రక్కన కేకలు వేసినప్పుడు ఊరుకొమ్మని గద్దించినది ప్రభువు వెంట నడిచే జనమే. ఆగినది ప్రభువు.

నన్ను బాధించే సంగతి వేరు. అంతమందిని ఏడిపించిన ఆ తాత, తన పాట ఏమయ్యిందో వినకుండానే చనిపోయాడు. ఆయన పేరు ఎవ్వరికీ తెలియదు. గొంతు మిగిలింది, మనిషి మిగలలేదు.

ఇది చదువుతూ ఉంటే మన సంఘాలు గుర్తుకు వచ్చాయి. వయొలిన్ మనకు పరాయిది కాదు. సుమారు 200 సంవత్సరాల క్రితం మద్రాసులో బాలుస్వామి దీక్షితులు దొరల వాయిద్యాన్ని నేర్చుకొని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దానికి ఎంత పేరు తెచ్చారో పెద్దలకు తెలుసు. మన కచేరీలలో వయొలిన్ పని పాడేవాని వెంట నీడలా నడవడం. పాటకు ముందు నడవడం కాదు. పురుషోత్తమ చౌదరి గారు మొదలుకొని ఎందరో రాసిన కీర్తనల మీద రాగము, తాళము పేర్లు అచ్చయి ఉంటాయి. అయితే పేరు అచ్చు వేసినంత మాత్రాన వరుస దక్కదు. మీ ఊరి అవ్వ ఆ కీర్తనను ఎక్కడ సాగదీస్తుందో, ఎక్కడ ఊపిరి తీస్తుందో ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె పోతే అది కూడా పోతుంది. ఆదివారం ఆమె గొంతెత్తగానే మన కుర్రవాళ్ళు కీబోర్డులో తాళం నొక్కి పెద్ద స్పీకరుతో ముంచేస్తున్నారు. యంత్రం ఆమె కోసం ఆగదు. కుర్రవాళ్ళ మీద నాకు కోపం లేదు. వారికి ఉత్సాహం ఉంది, చేతిలో సెల్‌ఫోనూ ఉంది. 1971లో టేపు యంత్రం మోసుకొని వెళ్ళి చేసిన పని ఇప్పుడు జేబులోని ఫోను చేస్తుంది.

కాబట్టి యవ్వనస్థులారా, ఈ నెలలోనే ఒక పని చేయండి. మీ సంఘంలో డెబ్బది దాటినవారి ఇండ్లకు వెళ్ళండి. మైకు వద్దు, కీబోర్డు వద్దు. వారికి బాగా వచ్చిన కీర్తన ఒకటి పాడమని అడగండి. మధ్యలో సరిదిద్దకండి, దగ్గు వచ్చినా ఆపకండి. పాడిన తరువాత అక్కడే వారికి వినిపించండి. ఒక నోటుపుస్తకంలో వారి పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ, కీర్తన సంఖ్య, ఎవరి దగ్గర నేర్చుకొన్నారో రాయండి. ఆ పుస్తకాన్ని బాప్తిస్మపు రిజిష్టరు పక్కన ఉంచమని మీ కాపరిని అడగండి. మంచం మీదినుండి లేవలేనివారి ఇండ్లకు ముందుగా వెళ్ళండి.