అడిగే మనిషి ఒకరుండాలి



పోయిన నెల మా షోలాపూర్ తూర్పు భాగంలో షుగరు, బీపీ చూసే క్యాంపు పెట్టారు. జనాన్ని వరుసలో నిలబెట్టే పని నాకిచ్చారు. మిల్లులో నాతోపాటు సాంచా ఖాతాలో ఒకే షిఫ్టు చేసిన దోస్తు కూడా వచ్చాడు. చేతిలో సంచి, సంచి నిండా ఎనిమిదేళ్ళ దవాఖాన కాగితాలు. ఎడమ కాలికి బొటనవేలు లేదు.

ఒకసారి షుగరు తగ్గిందని రిపోర్టు రాగానే గోలీలు బంద్ చేశాడట. తర్వాత చెప్పు కరిచి పుండయింది. షుగరుతో కాలు మొద్దుబారింది కాబట్టి నొప్పే తెలియలేదు. తెలిసేసరికి వేలు తీసెయ్యాల్సి వచ్చింది. కాగితాలు చూస్తే అన్నింట్లో ఒకటే మాట: తీపి తగ్గించాలి, నడవాలి, నెలనెలా రావాలి.

"ఇవన్నీ నీకు తెలుసు గదరా, మరెందుకు ఇట్ల చేసుకున్నవ్?" అన్నాను.

"తెలుసురా. ఇంటికి పోయినంక, చేస్తున్నవా లేదా అని ఒక్కడన్న అడిగిండా?" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నేను కూడా అట్లాగే అయ్యేవాణ్ణి. నన్ను అడిగే మనిషి దొరికింది, అంతే తేడా.

మూడేళ్ళ కింద ఆశా కార్యకర్త మా ఇంటికి ఫారం పట్టుకొని వచ్చింది. మన వాడ అమ్మాయే. ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళందరినీ అడుగుతారు: వయసెంత, తంబాకు ఉందా, మందు ఉందా, నడక ఉందా, ఇంట్లో ఎవరికన్నా షుగరు, బీపీ ఉన్నాయా అని. నడుం కూడా టేపుతో కొలుస్తారు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటకూడదు. నాది 98. మార్కులు కలిపితే నాలుగు దాటాయి. దాటితే దవాఖానకు పోవాలి. నేను పోలేదు. మళ్ళీ వచ్చింది. సిగ్గుపడి పోయాను. పరగడుపున 186 వచ్చింది. 126 దాటితేనే షుగరు అంటారు. ఇంకోసారి చూసి గోలీ రాశారు. డాక్టరమ్మ మంచిదే, కానీ బయట అరవై మంది వరుసలో ఉంటే నాతో ఎంతసేపు మాట్లాడుతుంది?

వారం తర్వాత ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది. తిట్టలేదు.

"కాకా, రోజుకు ఎన్ని చాయ్‌లు?"

"ఏడు."

"కప్పుకు చక్కెర?"

"రెండు చెంచాలు."

"అంటే పద్నాలుగు. ఇందులో ఏ చాయ్ వదిలితే నీకు బాధ తక్కువ?"

చూడండి, చాయ్ మానెయ్యమని అనలేదు. నన్నే ఎంచుకోమంది. మధ్యాహ్నం తర్వాత తాగేవి మూడు వదిలాను. ఆ నెలకు అంతే పని. తర్వాతి నెల నడక. "నడువు" అని చెప్పి పోలేదు. "ఎన్నింటికి నడుస్తవ్, ఎవరితో నడుస్తవ్?" అని అడిగింది. పొద్దున ఐదున్నరకు, పక్కింటి బావతో అన్నాను. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. మిల్లులో ఉన్నప్పుడు ఎనిమిది గంటలు సాంచాల మధ్య తిరిగేవాళ్ళం. మిల్లు మూతపడింది, తిరుగుడు ఆగింది, పళ్ళెంలో అన్నం మాత్రం తగ్గలేదు. ఆ లెక్క అప్పుడు తెలిసింది.

మూడో నెల రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె. జొన్న మంచిదని నాలుగు లాగించాను. "కాకా, జొన్నయినా లెక్క లెక్కే" అని నవ్వింది. రెండుకు దిగాను, పక్కన ఆకుకూర పెరిగింది.

మా ఇంటావిడకు బీపీ. ఆమెకు ఉప్పు లెక్క చెప్పింది. మనిషికి రోజుకు ఒక చిన్న చెంచా, అంటే ఐదు గ్రాములు, పచ్చడి, అప్పడాలు అన్నీ కలిపి. మేం నలుగురం, నెలకు 600 గ్రాములు చాలు. మేం కిలోన్నర తెచ్చేవాళ్ళం! బీడీలు చుట్టేటప్పుడు కూడా గంటకోసారి లేచి వాకిట్లో నాలుగడుగులు వెయ్యమంది.

అంతా సాఫీగా సాగలేదు. సంక్రాంతికి సిద్ధేశ్వర్ గడ్డకు పోయి, మనవళ్ళ పేరు చెప్పి మిఠాయిలు తిన్నాను. షుగరు ఎక్కింది. పదిరోజులు ఆ అమ్మాయి కనబడితే సందు మార్చాను. చివరికి దొరికాను. "ఎందుకు తిన్నవ్" అనలేదు. "రేపు నడకకు పోతవా?" అంది. పోగు తెగితే సాంచా ఆపి ముడేస్తాం, పడుగంతా తీసి పారెయ్యం గదా. ఇప్పుడు పరగడుపున 120 చుట్టూ ఉంటోంది. గోలీ మాత్రం మానలేదు.

క్యాంపుకు వచ్చిన డాక్టరుగారు ఒక సంగతి చెప్పారు. చెన్నై డాక్టర్ రామచంద్రన్ గారి బృందం షుగరు అంచున ఉన్న 537 మంది పనిచేసే మగవాళ్ళను రెండేళ్ళు చూసిందట. అందరికీ మొదట ఒకే సలహా ఇచ్చారు. సగం మందికి మాత్రం తిండి, నడక గురించి మొబైల్‌కు మెసేజీలు పంపుతూ పోయారు. 2013లో లెక్క బయటపెట్టారు. సలహా ఒక్కటే అందినవాళ్ళలో నూటికి 27 మందికి షుగరు వచ్చింది, మెసేజీలు అందినవాళ్ళలో 18 మందికి. గుర్తుచేస్తూ ఉంటేనే అంత తేడా!

నేను మిల్లులో చేరినప్పుడు జాబరు పని ఒకసారి చూపించి పోయాడు. పని నేర్పింది మాత్రం పక్క సాంచా పెద్దాయన. ఆరు నెలలు రోజూ నా గుడ్డ చేత్తో తడిమి చూసేవాడు. ఒంటికైనా అంతే.

ఇప్పుడు మా సందులో నాలుగిళ్ళవాళ్ళం ఆదివారం ఒకరినొకరం మూడు ప్రశ్నలు అడుగుతాం. గోలీ ఎన్ని రోజులు తప్పింది? ఎన్ని రోజులు నడిచినవ్? రాత్రి అరికాళ్ళు చూసుకున్నవా? తిట్టొద్దు, నలుగురిలో నవ్వొద్దు. గోలీ పెంచడం, తగ్గించడం డాక్టరు పని, మనం వేలు పెట్టొద్దు. షుగరు గోలీ వేసుకొని ఒక్కపొద్దు ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగాలి. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే చక్కెర తినిపించాలి, తగ్గకపోతే దవాఖానకు తీసుకుపోవాలి.

నా దోస్తు ఇంటికి రోజూ సాయంత్రం పోతున్నాను. "వచ్చిండు జాబరు" అని తిడతాడు. తిడుతూనే చెప్పు విప్పి కాలు చూపిస్తాడు. ఉన్న వేళ్ళన్నీ బాగున్నాయి.

మీ సందులో కూడా అట్లాంటి సంచి పట్టుకొని తిరిగే మనిషి ఉంటాడు. ఈ నెల ఒక్కరిని ఎంచుకొని అడగండి. వచ్చే నెల కలుద్దాం.