ఎంజైములోని మూడు స్థానములు

బట్టలపై నంటిన నెత్తుటి మరకను, గ్రుడ్డుసొన మరకను విడగొట్టుటకై సబ్బుపొడులలో కలుపబడు సబ్టిలిసిన్ అను ఎంజైము, బాసిల్లస్ జాతి సూక్ష్మజీవులు స్రవించు ప్రోటీను. 275 అమైనో ఆమ్లముల శృంఖలయైన దానియందు 32వ స్థానమునగల ఆస్పార్టిక్ ఆమ్లము, 64వ స్థానమునగల హిస్టిడీను, 221వ స్థానమునగల సెరీను కలసి యితర ప్రోటీనుల బంధములను ఛేదించునని మన విద్యార్థులు కంఠస్థము చేయుచున్నారు. అది యెట్లు తెలిసినదో చెప్పువారు మాత్రము అరుదు. ఈ లోపమును మన విశ్వవిద్యాలయము లిక నుపేక్షింపరాదు.

స్ఫటికములపై ఎక్స్ కిరణములను ప్రసరింపజేసి సాధించిన చిత్రములు ఆ మూడును చేరువ నున్నవని చూపినవి; కాని సామీప్యము కారణత్వమునకు ప్రమాణము కానేరదు. జన్యువునందు కోరినచోట కోరిన మార్పును కలిగించు పద్ధతిని కెనడాలో మైకేల్ స్మిత్ బృందము 1978లో ప్రకటించిన పిదప, 1988లో కార్టర్, వెల్స్ అను శాస్త్రజ్ఞులు ఆ స్థానములలో నొక్కొక్కదానియందు నిర్వ్యాపారమైన అలనీనును నిలిపి, తక్కిన దానినెల్ల యథాతథముగ నుంచి, ఎంజైము వేగమును కొలిచిరి. సెరీను గాని హిస్టిడీను గాని తొలగినపుడు వేగము సుమారు 20 లక్షలవ వంతునకు, ఆస్పార్టిక్ ఆమ్లము తొలగినపుడు 30 వేలవ వంతునకు పడిపోయినది. మూడును ఒక్కమారే తొలగినను నష్టము ఆ 20 లక్షల మేరను దాటలేదు. అనగా అవి వేర్వేరుగ గాక కలసియే పనిచేయుచున్నవి. అంతకన్న నాశ్చర్యకరమేమన, ఆ మూటిని కోల్పోయిన ఎంజైము సైతము, ఎంజైము లేనప్పటికంటె కనీసము వేయిరెట్లు వేగముగ బంధమును ఛేదించుచునే యుండెను! అవసరమా, కాదా అని యడిగిన చాలదు. ఎంత అవసరమని కొలువవలెను.

పొరుగుననే 222వ స్థానమునగల మెథియోనీను కథ వేరు. మరకలను తెలుపుచేయు పెరాక్సైడు తగిలి అది ఆక్సీకరణము చెందినచో ఎంజైము నిర్వీర్యమగును. దాని బదులు సెరీనునో అలనీనునో ఉంచినచో ఆ ద్రవ్యమును తట్టుకొనునని 1985లోనే తేలినది.

గణకయంత్రములు ప్రోటీను ఆకృతిని ముందే చెప్పగల ఈ కాలమున నీ శ్రమ యేల యని కొందరందురు. ఆకృతి ప్రశ్నను సూచించును, ఉత్తరమును కొలతయే యీయవలెను. ఒక్క స్థానమును మార్చి, ఎంజైమును శుద్ధిచేసి, వేగమును స్వయముగ కొలుచు అవకాశము ప్రతి ఎం.ఎస్సీ. విద్యార్థికిని కలుగవలెను. పరీక్షలో ఆ మూటి పేర్లను వ్రాయుమనుటకు బదులు, ఆ మూడే యని యెట్లు నిరూపింతువని యడుగ మొదలిడినచో, ప్రయోగశాలలకు ధనము కేటాయింపక తప్పని స్థితి పాలకమండలులకు తనంత తానే యేర్పడును.