నూరేళ్ల ప్రాణికి యజమాని ఎవరు?

సరీసృపం అనగానే మనకు ఎండ గుర్తొస్తుంది. బండ మీద వెచ్చబడే తొండ, వేసవిలో పుట్ట విడిచే పాము. అందుకే అద్దాల పెట్టె, పైన ఒక వేడి దీపం ఉంటే ఎలాంటి బల్లినైనా సాకవచ్చని చాలామంది అనుకుంటారు. న్యూజిలాండ్ టువటారా దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. చిన్న ఉడుములా, వీపు పొడవునా మెత్తని ముళ్ల వరుసతో ఉండే ఈ ప్రాణి అసలు బల్లే కాదు. దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందట బల్లులు, పాముల నుంచి విడిపోయిన వంశంలో మిగిలిన ఒకే ఒక్క జీవి. 16 నుంచి 21 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 28 దాటితే ప్రాణం మీదికొస్తుంది. మే నెలలో మన కోస్తా ఊళ్ల అర్ధరాత్రి ఉక్క కూడా దానికి గండమే.

చల్లదనం సమకూర్చడం పెద్ద పని కాదు, ఏసీ ఆ పని చేస్తుంది. కష్టమల్లా కాలంతోనే. చలిలో బతికే శరీరం ప్రతిదీ నిదానంగా చేస్తుంది. టువటారా ఈడుకు రావడానికి పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆడది గుడ్లు పెట్టేది రెండు నుంచి ఐదేళ్లకోసారి. ఆ గుడ్లు పిల్లలు కావడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి. గుడ్డును ఏ వేడిలో ఉంచామన్నదే పిల్ల ఆడో మగో తేలుస్తుంది: 18 డిగ్రీల దగ్గర ఆడవి, 22 దాటితే దాదాపు అన్నీ మగవే. పెట్టెలో నాలుగు డిగ్రీల తేడా వస్తే ఒక కాన్పు కాన్పంతా ఒకే లింగం. పళ్లు దవడ ఎముకకే అతుక్కుని ఉంటాయి, అరిగితే మళ్లీ రావు. ముసలిదాని నోట్లో పళ్లున్న చోట నున్నటి అంచు మిగులుతుంది. అప్పుడది గట్టి పెంకు పురుగులు మాని వానపాముల్లాంటి మెత్తని తిండితో గడుపుతుంది. ఆ వయసుకు చేరేసరికి దాన్ని తెచ్చి పెంచినవాడు బతికి ఉండకపోవచ్చు. టువటారా నూరేళ్లు దాటి బతుకుతుంది మరి.

న్యూజిలాండ్‌లో ఇన్వర్‌కార్గిల్ పట్టణంలోని సౌత్‌ల్యాండ్ మ్యూజియానికి హెన్రీ అనే మగ టువటారా 1970లో వచ్చింది. దశాబ్దాల పాటు జతకట్టలేదు సరికదా, తోటి వాటిని కరిచేది. ఒంట్లో ఉన్న కణితిని తీసేశాక దాని తీరు మారింది. 2009లో, సుమారు 111 ఏళ్ల వయసులో, 11 పిల్లలకు తండ్రయింది. ఇంగ్లండ్‌లోని చెస్టర్ జూకైతే తొలి పిల్లను చూడటానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. న్యూజిలాండ్ బయట పుట్టిన మొదటి టువటారా అదేనని 2016లో ప్రకటించారు. ఇంత నిరీక్షణ ఒక మనిషి ఇష్టం మీద ఆధారపడి సాగేది కాదు. అందుకే చలిదేశపు అరుదైన సరీసృపాన్ని ఏ ఒక్కరి సొత్తుగానూ ఉంచకూడదని నా వాదన.

సొత్తయితే దానికి వెల వస్తుంది. న్యూజిలాండ్‌లోనే ఒటాగో ద్వీపకల్పంలోని పొదల్లో ఉండే జ్యువెల్డ్ గెకో ఆకుపచ్చటి ఒంటి మీద వజ్రాల్లాంటి మచ్చలున్న బల్లి. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అదీ ఏటా మహా అయితే ఒకటో రెండో. 2009 చివర్లో క్రైస్ట్‌చర్చ్ విమానాశ్రయంలో పట్టుబడ్డ ఒక విదేశీయుడి లోదుస్తుల్లో కుట్టిన అరల్లో 44 బల్లులు దొరికాయి. అంత నిదానంగా పెరిగే జాతిలో ఒక పొద నుంచి చూలు బల్లి పోతే, ఆ లోటు పూడటానికి ఏళ్లు కావాలి.

బోనుల్లో పుట్టించి అమ్మితే అడవి మీద ఒత్తిడి తగ్గదా అని అడుగుతారు. ఏటా పదీ ఇరవై గుడ్లు పెట్టే కార్న్ స్నేక్ విషయంలో ఆ మాట నిజమే. ఏటా రెండు పిల్లలు కనే బల్లి దగ్గర ఆ లెక్క కుదరదు. పెంపకంలో పుట్టేవి గిరాకీకి చాలవు. పొదలోంచి తెచ్చిన పిల్లకూ పెట్టెలో పుట్టిన పిల్లకూ తేడా చూపులకు తెలియదు, కాగితం మీద ఏది రాస్తే అదే అవుతుంది. జ్యువెల్డ్ గెకోతో పాటు దాని ప్రజాతి గెకోలన్నిటినీ 2013లో, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చడానికి నేపథ్యం ఈ దొంగ వ్యాపారమే. మన దేశంలోనూ 2022 నాటి వన్యప్రాణి చట్ట సవరణ సైటిస్ జాబితాలోని విదేశీ జీవులను పెంచేవారు నమోదు చేసుకోవాలంటోంది. మంచి అడుగే. కానీ నమోదు వల్ల జంతువు ఎక్కడుందో తెలుస్తుంది తప్ప, ఎక్కడి నుంచి వచ్చిందో దానంతట అది రుజువు కాదు.

ఇంకో అభ్యంతరం బలమైనది. జూలకు ఉన్న హక్కు, ఆ జీవుల్ని జూ ఉద్యోగులకన్నా బాగా ఎరిగిన ఔత్సాహికులకు ఎందుకు లేదు? ఉండాలి. న్యూజిలాండ్ ఇస్తోంది కూడా. అక్కడ అనుమతి పత్రం తీసుకున్నవారు దేశీయ బల్లుల్ని ఇంట్లో సాకవచ్చు. అయితే 1953 వన్యప్రాణి చట్టం కింద అవి ప్రభుత్వానివే. పెంచేవాడు అమ్మలేడు, కొనలేడు, బాధ్యత మాత్రమే మోస్తాడు. ఆ ఏర్పాటు విలువ 2018లో కనిపించింది. భూకంపాలకు తట్టుకోదని సౌత్‌ల్యాండ్ మ్యూజియం భవనాన్ని మూసేసినా, లోపలి టువటారాల సాకుడు ఆగలేదు.

ఎవరి సొత్తూ కాని పెంపకం ఎక్కడికి చేరుస్తుందో కూడా న్యూజిలాండ్‌లోనే కనిపిస్తుంది. అక్కడి హౌతురు దీవిలో టువటారాలు అంతరించాయనే అనుకునేవారు. 1990ల మొదట్లో వెతికితే ఎనిమిది పెద్దవి దొరికాయి. ఎలుకలు గుడ్లనూ పిల్లలనూ బతకనివ్వవు కాబట్టి వాటిని అదే దీవిలో కంచె వేసిన ఆవరణలో ఉంచి, గుడ్లను తీసుకెళ్లి పొదిగించారు. పిల్లల్ని దగ్గరుండి పెంచారు. 2004లో దీవిని ఎలుకల నుంచి విముక్తం చేశారు. 2006లో ఆ పిల్లల్ని వాటి తల్లులు దొరికిన అడవిలోకే వదిలారు.